పొద్దు తిరగ్గానే పిలుస్తా

పన్ను కట్టలేదని ఊరు వదిలించే సర్కారును మన పెద్దలు ఎరుగుదురు. చేతిలో డబ్బు పెట్టి, ఓడ ఎక్కించి, మీ ఊరికి మీరు పొండి అని సాగనంపే సర్కారును కృపమణి సముద్రం అవతల నెటాలు దేశంలో చూసింది. పెద్దవాళ్ళకు తలకు ఇరవై పౌన్లు, పిల్లలకు పది. ఓడ ఖర్చు కూడా వాళ్ళదే. బదులుగా వాళ్ళు అడిగింది ఒక వేలిముద్ర. ఆ ముద్ర పడ్డాక నెటాలు మీద హక్కు పోతుంది. ఇంత మర్యాదగా మెడబట్టి గెంటడం దొరలకే చేతనవును.

మీ ఊరు అంటే ఏ ఊరో ఆ కాగితంలో లేదు. కృపమణి పుట్టింది నెటాలులోనే, చెరకు తోటల పక్కన రేకుల కొట్టంలో. ఆమెను కన్నవాళ్ళది విశాఖపట్నం వైపు ఏదో పల్లె. కమలాపురం పేరు ఆమె విన్నది పెళ్ళయ్యాక, అత్త విశ్వాసమ్మ నోట. విశ్వాసమ్మ మాత్రం ఆ కమలాపురం దగ్గర పల్లెలోనే పుట్టి, ముప్పై ఏళ్ళు నిండిన మనిషి, ఒక మేస్త్రీ మాటలు నమ్మి మొగుడు దాసన్నతో, మూడేళ్ళ కొడుకు లేవితో ఓడెక్కింది. రెండు రోజుల ప్రయాణం అన్నాడట మేస్త్రీ. నెల పట్టింది. దాసన్న చెరకు తోటలోనే పోయాడు. ఆ మేస్త్రీని తిట్టకుండా విశ్వాసమ్మ ఒక్క ఆదివారం కూడా గుడికి పోయి ఎరగదు.

సర్కారు డబ్బిస్తుందన్న మాట తెలిసిన రోజు నుంచి ముసలామెకు అన్నం సయించలేదు. కృపమణి ససేమిరా అంది. తల్లి అక్కడే, అన్న సుందరం అక్కడే, తండ్రి సమాధి అక్కడే. మొగుడు లేవి సంగతి చెప్పనక్కర్లేదు, ఎవరు చివర మాట్లాడితే వాళ్ళ పక్షం. ఒక సాయంత్రం విశ్వాసమ్మ కోడలి ఎదురుగా నేల మీద కూర్చుని, ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"మూడేళ్ళు చూడమ్మీ. డబ్బు తిరిగి కడితే మూడేళ్ళ లోపల మళ్ళా రానిస్తారంట. ఆ నేల నీకు పడకుంటే నువ్వూ లేవీ బిడ్డా ముగ్గురూ ఎనక్కి పోండి. నేను అడ్డం రాను. ప్రభువు సాక్షిగా చెప్తాండా."

కృపమణి ఆ మాటను పట్టుకుంది. వేలిముద్ర వేసింది. వాళ్ళు వచ్చింది పందొమ్మిది వందల ఇరవై ఎనిమిదో సంవత్సరం శ్రావణంలో. సర్కారు డబ్బును బిస్కెట్ల డబ్బాలో పెట్టి, పల్లె చివర గుడిసెలో తిరగలి కింద నేల తవ్వి పూడ్చింది. ఇంటి కప్పు కారినా, లేవికి జ్వరం వచ్చినా దాన్ని బయటికి తియ్యలేదు. లేవి బండల గనిలో రాళ్ళు కొట్టి తెచ్చినదాంతోనే జరుపుకొచ్చింది.

విశ్వాసమ్మ ముప్పై ఏళ్ళు కలవరించింది దేనికంటే, విత్తనం వేసే గొర్రు వెనక నడవడానికి. గొర్రుకు పైన చెక్క గిన్నె ఒకటి ఉంటుంది, జడ్డిగం అంటారు. అందులోంచి మూడు వెదురు గొట్టాలు నేలలోకి దిగుతాయి. ఎద్దులు నడుస్తుంటే విత్తే మనిషి ఒడిలోంచి గింజలు తీసి, పిడికిలి సందుల్లోంచి ఆ గిన్నెలోకి వదులుతూ వెనకే నడవాలి. ఎక్కువ పడితే గుబురు, తక్కువ పడితే వెలితి. తప్పు ఆ రోజు తెలీదు, వారం తర్వాత మొలకలు బయట పెడతాయి. విశ్వాసమ్మ వయసులో ఉండగా కొర్ర వేయాలంటే చుట్టుపక్కల నాలుగు పల్లెల రైతులు ఆమె గుమ్మం ముందు నిలబడేవాళ్ళు. పైర్లలో కొర్ర ఆమెకు బిడ్డలాంటిది.

నెటాలులో గొర్రు లేదు, కొర్ర లేదు. చెరకు ముక్క పాతిపెడితే చాలు. అయినా ఆ ముసలామె కొబ్బరి చిప్పకు మూడు బెజ్జాలు పెట్టి, మూడు రెల్లు గొట్టాలు గుచ్చి, కొత్త కోడలికి సాయంత్రాల పూట విత్తడం నేర్పింది. మొదట ఇసకతో, తర్వాత ఆవాలతో. కొట్టాల్లో వాళ్ళు చూసి నవ్వేవాళ్ళు. సముద్రం మధ్య ఈత నేర్పకుండా ఇదేం విద్య అనేవాళ్ళు. కృపమణికీ నవ్వొచ్చేది, కాని చెయ్యి మాత్రం అబ్బింది. మూడు గొట్టాల కింద మూడు గీతలు ఒకే తీరుగా పడ్డ రోజున అత్త ఆమె నుదుటి మీద ముద్దు పెట్టుకుంది.

తీరా వచ్చి చూస్తే పల్లెలో కొర్ర ఎవరూ వేయడం లేదు. ఎక్కడ చూసినా శెనక్కాయే. మిల్లులొచ్చాయి, నూనెకు గిరాకీ ఉంది, ధర పలుకుతోంది, తిండి గింజ కొనుక్కుంటే సరిపోయె అన్నారు రైతులు. శెనక్కాయ గింజను నాగలి సాలులో ఒక్కొక్కటే వేసుకుంటూ పోతే చాలు, అదేమంత విద్య కాదు. విశ్వాసమ్మ తెచ్చిన చేతి విద్యను అడిగిన నాథుడు లేడు. పైగా పల్లెలో పిల్లలు వీళ్ళను నెటాలోళ్ళు అని పిలిచేవాళ్ళు. కృపమణి మాట తీరును ఎగతాళి చేసేవాళ్ళు. ప్రార్థన గుడిలో ఆమె కూర్చున్న చాప మీద పక్కన కూర్చోడానికి ఆడవాళ్ళు ఏడాది దాకా జంకారు. రెండో ఏడు విశ్వాసమ్మ కుడిచెయ్యి వణకడం మొదలెట్టింది. కొంగు కింద దాచుకునేది.

ఒకసారి మాత్రం ఆమె తన భయం బయట పెట్టింది. తనకు ఏడేళ్ళప్పుడు పెద్ద కరువొచ్చిందట. గంజి పోసే దొడ్డిలో తల్లితో ఉందట. కరువు తీరిందని దొరలు తీర్మానించిన రోజున ఒక్కొక్కరి చేతిలో కొన్ని అణాలు బత్తెం పెట్టి, మీ ఊళ్ళకు పొండి అన్నారట. తల్లీ కూతుళ్ళు రెండు రోజులు నడిచి వస్తే ఇంటి కప్పు గడ్డి గొడ్లు తినేసి మొండి గోడలున్నాయి. ఊళ్ళో పలకరించే దిక్కు లేదు. పాదిరి దొర గుడి వరండాలో ఆశ్రయమిచ్చాడు, అట్లా క్రైస్తవులయ్యారు.

"దుడ్లిచ్చి ఊరికి పొమ్మన్నోళ్ళు ఆ ఊర్లో ఎవరుండారో సూసి పంపరమ్మీ" అంది.

ఆ మాటకు కృపమణి మనసు కరిగింది. కాని రోజులు లెక్కపెట్టడం మానలేదు. ముప్పై ఒకటో సంవత్సరం వేసవికి సుందరం ఓడ టికెట్లకు డబ్బు పంపాడు. మద్రాసులో ఓడ కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. ఆషాఢంలో ఒక శనివారం ఓడ ఉంది, దాని తర్వాత ఓడకు మూడేళ్ళ గడువు దాటిపోతుంది. శనివారం ఓడ అందాలంటే గురువారం మధ్యాహ్నం మూడు గంటలకు కమలాపురం స్టేషన్లో రైలెక్కాలి. ఉత్తరం లేవి చదివాడు. ముసలామె విని, మంచిది, పోయిరండి అంది. మాటిచ్చిన మనిషి ఇంకేమంటుంది? తను మాత్రం రానంది. దొడ్డిలోంచి ఒకసారి, తోటల్లోంచి ఒకసారి వెనక్కి వచ్చాను, ఇక నా వల్ల కాదంది.

కృపమణి డబ్బా తవ్వి తీసింది. ఆరేళ్ళ కూతురు ఏసుమణికి కొత్త గౌను కుట్టింది. ప్రయాణానికి ముందు రెండు వారాలు ఆమె ముఖంలో వెలుగు చూసి పల్లె ఆడవాళ్ళు కూడా మంచిగా మాట్లాడారు.

మంగళవారం వాన కురిసింది. పొద్దుగూకేముందు మొదలై దుక్కి నిండా దిగేదాకా పడింది. బుధవారం తెల్లవారుతుండగానే ఓబుళరెడ్డి వచ్చి గుడిసె ముందు నిలబడ్డాడు. ఆ పల్లెలో పెద్ద రైతు, అరవై దాటినవాడు. శెనక్కాయ ధర ఆ ఏడు నేల మట్టానికి పడిపోయింది. అమ్ముకుని తిండి కొందామంటే బండి ఖర్చు కూడా రావడం లేదు. పది ఎకరాలు కొర్ర వేసుకుంటే ఇంటిల్లిపాదీ తింటారు, నేల పదును రెండు రోజులకు మించి ఆగదు, విత్తే చెయ్యి ఉన్న ఆడవాళ్ళంతా పోయారు. ఇదంతా చెప్పి, గొంతు తగ్గించి అన్నాడు.

"మా నాయన కాలంలో నువ్వు ఏసిన కొర్ర నాకు గుర్తుండాది విశ్వాసమ్మా. దువ్వినట్లు మొల్సేది. రావల్ల."

ముప్పై ఏళ్ళుగా ఆ పిలుపు కోసం ఎదురుచూసిన మనిషి గడప దాటి రాలేక నిలబడిపోయింది. కుడిచెయ్యి కొంగు కింద దడదడలాడుతోంది. కృపమణి పెట్టె సర్దుతూ ఇది చూసింది. ఆమెకు కోపం రావాలి నిజానికి, ఈ పిలుపు మూడేళ్ళ ముందు ఎందుకు రాలేదని. కాని అత్త ముఖం చూసి ఉండబట్టలేకపోయింది.

"నేను వస్తాను రెడ్డిగారూ. ఆమె నేర్పిన చెయ్యే ఇది" అంది.

రెడ్డి నమ్మలేదు. జడ్డిగంలో ఒక పిడికిలి వేయించి, గొట్టాల కింద గుడ్డ పరిచి చూశాడు. గింజలు సమంగా పడ్డాయి. పాలేరు ఈరప్పను ఎద్దులు కట్టమన్నాడు.

బుధవారం పొద్దుగూకే వరకు ఆరు ఎకరాలయ్యాయి. కృపమణికి నడుములు పడిపోయాయి గాని, ఒళ్ళంతా ఏదో కుదురు వచ్చింది. ఒక అడుగు, ఒక చిటికె, ఒక అడుగు. తడిసిన ఎర్రనేల వాసన ముక్కు నిండింది. నెటాలులో ఆవాలతో ఆడిన ఆట ఇందుకా అని ఆశ్చర్యపోయింది. మిగిలింది నాలుగెకరాలు, గురువారం మధ్యాహ్నానికి అవుతుంది. రైలు మూడింటికి. స్టేషను మూడు మైళ్ళు. లేవి పెట్టె వేసుకుని, ఏసుమణిని తీసుకుని రెడ్డి బండిలో ముందే వెళ్తాడు. పొద్దు తిరగ్గానే కృపమణి పని ఎక్కడుంటే అక్కడ ఆపి నడిచి వెళ్తుంది.

చిక్కల్లా పొద్దు తెలియడంలోనే ఉంది. గురువారం మబ్బు పట్టి ఎండ పొడే లేదు. పుట్టిన దగ్గర్నుంచి పంచదార మిల్లు కూతకు లేచి, కూతకు తిని, కూతకు పడుకున్న మనిషి కృపమణి. మిల్లు కూయకపోతే ఆమెకు పొద్దున్నా సాయంత్రమా అన్నదే అనుమానం. అది చూసి పల్లెలో నవ్వేవాళ్ళు. విశ్వాసమ్మకు మబ్బైనా చీకటైనా ఒకటే. గొడ్లు నీళ్ళకు మళ్ళే తీరు చూసి గంట చెప్పేస్తుంది. వాళ్ళ గుడిసె వెనక గట్టెక్కి కేకేస్తే ఆ చేనికి వినపడుతుంది.

"నువ్వు నిబ్బరంగా విత్తుకో అమ్మీ. పొద్దు తిరగ్గానే పిలుస్తా" అంది అత్త.

పొద్దున్నుంచి గొర్రు నడుస్తూనే ఉంది. రెండెకరాలు దాటింది. మూడు దాటింది. కృపమణి ఒకసారి ఈరప్పను పొద్దెంతైందని అడిగింది. చేను ముగించాలన్న తొందరలో ఉన్నవాడు, యాడమ్మా, ఇప్పుడే గదా సద్ది తాగింది అన్నాడు. ఆమె గట్టు వైపు చూసింది. ఎవరూ లేరు. పిలవలేదంటే ఇంకా వేళ కాలేదు. మళ్ళీ సాలు పట్టింది.

చేను మధ్యలో ఉండగా రైలు కూసింది. దూరంగా, ఉత్తరం దిక్కున, స్టేషనులోకి వస్తూ కూసే కూత. కృపమణి పిడికిలి విడిపోయింది. గింజలన్నీ ఒక్కసారిగా జడ్డిగంలో పడ్డాయి. ఈరప్ప ఎద్దులను ఆపలేదు. సాలు మధ్యలో వదలకూడదు, ఒడిలో గింజలుండగా చేను దాటకూడదు, దాటితే ఆ ఏడు పంట దక్కదని ఆ నేల మీద కట్టుబాటు. ఆమె కళ్ళకు ఏమీ కనపడటం లేదు, అయినా సాలు కొసదాకా నడిచింది. ఒడిలోని గింజలు ఈరప్ప తుండుగుడ్డలో పోసింది. తర్వాత పరుగెత్తింది.

సగం దారిలో లేవి ఎదురయ్యాడు. ఒక భుజాన పెట్టె, ఇంకో చేత్తో ఏసుమణి. రైలు ఐదు నిమిషాలు ఆగింది, చూశాను, వెళ్ళిపోయింది అని చెప్పాడు. పెళ్ళాన్ని వదిలి ఎక్కడం అతని చేత కాలేదు. కృపమణి దారి పక్కన మట్టిలో కూర్చుని ఏడ్చింది. గౌను బురదైందని ఏసుమణి కూడా ఏడ్చింది.

ఇంటికొచ్చేసరికి విశ్వాసమ్మ గడప మీద ఉంది. కునుకు పట్టిందమ్మీ అంది. ఆ ముఖం చూస్తే ఎవరికైనా జాలి వేస్తుంది. వణికే చెయ్యి, ముసలి ప్రాణం, రెండు రాత్రులుగా నిద్ర లేదు. కృపమణి కోపాన్ని మింగి, పోనీలే అత్తా, నువ్వేం చేస్తావు అని నీళ్ళిచ్చింది. ఆ మాటకు ముసలామె తల ఎత్తలేదు. మర్నాటి నుంచి అన్నం సరిగా తినలేదు.

పన్నెండో రోజున విశ్వాసమ్మ చేను చూస్తానంది. కోడలు చెయ్యి పట్టుకుని నడిపించింది. కొర్ర మొలిచింది. మూడేసి గీతలు, ఆ కొస నుంచి ఈ కొస దాకా, ఎక్కడా వెలితి లేదు. రెడ్డి నిన్ననే వచ్చి చూసి, జొన్న చేనికి కూడా నువ్వే రావల్ల అని కృపమణితో చెప్పి పోయాడు. దారిలో కనపడ్డ ఆడవాళ్ళు కూడా పలకరించారు. విశ్వాసమ్మ సాలు వెంట వంగి, మొలకలను వేళ్ళతో తాకుతూ, దీవిస్తున్నట్టు నడిచింది.

చేను మధ్యకు వచ్చేసరికి ఆగిపోయింది. అక్కడ మొలకలు గుబురుగా, ఒకదాన్నొకటి తోసుకుంటూ లేచాయి. బారెడు మేర అదే. ఆమె దాని పక్కన కూలబడింది.

"ఈడ ఏమైందో నాకు ఎరికే. రైలు కూసినప్పుడు నువ్వు ఈడ ఉండావు."

కృపమణి అవునంది.

"నాకు కునుకు పట్టలేదమ్మీ" అంది విశ్వాసమ్మ. "గట్టు కిందనే కూచోనుండా. గొడ్లు నీళ్ళకు మళ్ళినాయి, సూసినా. పొద్దు తిరిగింది, తెల్సు. నోరు తెరిచినా. నువ్వు గొర్రు ఎనక పోతాండావు. నా చెయ్యే ఆ చేన్లో పోతాండాదనిపించె. ఇంకొక సాలు పోనీ అనుకున్యా. ఆమీట ఇంకొక సాలు. రైలు కూసే దాంక కూచుండా. ప్రభువు సాక్షిగా మాటిచ్చి, దాన్ని మింగేసినా."

కృపమణి నిలబడి వింది. అమ్మ ముఖం ఇక చూడలేనన్న బాధను ఆ పన్నెండు రోజులూ ఎవరి తప్పూ కాదనుకుని భరించింది. ఇప్పుడు ఆ తప్పుకు ఒక ముఖం వచ్చింది, అది తను రోజూ అన్నం పెట్టే ముఖం. ఆమెకు ఒళ్ళు మండింది, అదే సమయంలో ఆ వణికే చేతిని చూస్తే గుండె పిండినట్టయింది. రెండూ ఒకేసారి ఉండడం ఆమెకు కొత్త.

"మేస్త్రీ మోసం చేశాడని ముప్పై ఏళ్ళు తిట్టావు కదత్తా" అంది చివరికి. "నిన్ను నేనెన్నేళ్ళు తిట్టుకోవాలి?"

"నేనుండే వరకు తిట్టు. శానా ఏండ్లు ఉండనులే."

గుబురును అట్లాగే వదిలితే అన్నీ చస్తాయి. విశ్వాసమ్మ పలచన చేద్దామని చెయ్యి చాస్తే వణుక్కి గుప్పెడంతా ఊడి వచ్చింది. కృపమణి అత్త చేతిని తీసి ఒడిలో పెట్టి, తనే కూర్చుని ఒక్కొక్క మొలకా పీకింది. ఏడుస్తూనే పీకింది. బలమైనవాటిని ఉంచింది. పని అయ్యాక చేతులు దులుపుకుని లేచింది.

"రేపు జొన్న చేను" అంది. "గట్టు మీద కూచో. ఏసుమణి బడి నుంచి వచ్చే వేళకు నేను ఇంట్లో ఉండాలి. పొద్దు తిరగ్గానే పిలు. ఈసారి పిలవాలి."

విశ్వాసమ్మ తలాడించింది.

మర్నాడు ఎండ కాసింది. గొర్రు మూడు సాళ్ళు కూడా తిరగలేదు, గట్టు మీద నుంచి కేక వినపడింది. అమ్మీ, పొద్దు తిరిగింది, రా. కృపమణి తలెత్తి చూసింది. సూర్యుడు ఇంకా తూర్పు కొండ మీదే ఉన్నాడు. ఈరప్ప ఎద్దులను ఆపి, ముసిల్దానికి మతి పోయినట్లుండాది అని నవ్వాడు. ఆమె నవ్వలేదు. విన్నానని చెయ్యి పైకెత్తి చూపించి మళ్ళీ సాలు పట్టింది. ఇంకో రెండు సాళ్ళకు మళ్ళీ అదే కేక. ఆమె మళ్ళీ చెయ్యెత్తింది. ఆ రోజు మధ్యాహ్నం దాకా విశ్వాసమ్మ గట్టు మీద నిలబడి, గొంతు పోయేలాగా, పిలుస్తూనే ఉంది.